మెయిల్లో పంపిన ఫైలు అవతల తెరుచుకోకపోతే

ప్రశ్న: మాది విజయవాడ. ఇరవై ఏళ్ళుగా చిన్న డీటీపీ షాపు నడుపుతున్నాను. మా తాతయ్యగారి శతజయంతికి ఇంట్లో అందరం కలిసి ఒక సంచిక వేద్దామనుకున్నాం. నాది విండోస్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడిది మ్యాక్. బెంగళూరులో ఉన్న చిన్నాన్నగారి అబ్బాయి ఉబుంటు తప్ప ఇంకోటి వాడడు. నేను పంపిన పేజీలు తమ్ముడికి ఇంగ్లీషు అక్షరాల చెత్తలా కనిపిస్తున్నాయట. వాడు పంపిన వ్యాసం, ఫోటోలు నా దగ్గర తెరుచుకోవట్లేదు. మా మేనత్త చెబుతుంటే మా బావ టైపు చేసి హైదరాబాద్‌లో ఆఫీసు మెయిల్ నుంచి పంపిన జ్ఞాపకాలు నాకూ తమ్ముడికీ 'విన్‌మెయిల్ డాట్ డ్యాట్' అనే ఒక ఫైలుగా వచ్చాయి, దాన్ని ఏం చేసినా తెరుచుకోదు. ఇవి చాలవన్నట్టు బెంగళూరు వాడి ఫోల్డర్‌లో 'మైలవరం ఇల్లు' అని అచ్చం ఒకే పేరుతో రెండు ఫోటో ఫైళ్ళు ఉన్నాయట. అందరం ఒకే రకం కంప్యూటర్ కొంటే తప్ప ఇది తేలదా? సంక్రాంతికి పుస్తకం అందరి చేతుల్లో ఉండాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎవరూ ఏ కంప్యూటరూ కొనక్కర్లేదండీ. ముందు మీ మేనత్తగారి జ్ఞాపకాల సంగతి చూద్దాం, మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది అదొక్కటే. మీరు గానీ మీ తమ్ముడు గానీ ఆ విన్‌మెయిల్ ఫైలును పనికిరాదని డిలీట్ చేసి ఉంటే వెంటనే ట్రాష్‌లోంచి బయటికి తీయండి. అది పాడైన ఫైలు కాదు, అత్తయ్యగారు చెప్పిన మాటలన్నీ దాని లోపలే ఉన్నాయి.

జరిగిందేమిటంటే, మీ బావగారి ఆఫీసులో మెయిల్‌కి ఔట్‌లుక్ వాడుతున్నారు. ఔట్‌లుక్‌లో మెయిల్ రాసే పద్ధతులు మూడున్నాయి: ప్లెయిన్ టెక్స్ట్, హెచ్‌టీఎంఎల్, రిచ్ టెక్స్ట్. ఈ మూడోది మైక్రోసాఫ్ట్ వాళ్ళ సొంత పద్ధతి. ఆ పద్ధతిలో పంపితే అక్షరాల రంగు, సైజు, అటాచ్ చేసిన ఫైళ్ళు అన్నీ కలిపి ఔట్‌లుక్ ఒక మూట కడుతుంది, ఆ మూట పేరే విన్‌మెయిల్ డాట్ డ్యాట్. అవతలి వైపు కూడా ఔట్‌లుక్ ఉంటే మూట విప్పి అన్నీ మామూలుగా చూపిస్తుంది, లేకపోతే మూటను మూటగానే చేతిలో పెడుతుంది. అందుకే మీ బావగారికి ఇందులో ఏ తేడా కనిపించి ఉండదు, ఆయన ఆఫీసులో పక్క సీటు వాళ్ళకి పంపితే చక్కగా తెరుచుకుంటుంది కదా, "నేను సరిగ్గానే పంపాను" అంటారు, ఆయన చెప్పేదీ నిజమే. ఆయన మీద చిరాకు పడకండి. ఔట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్ వరసగా నొక్కి, 'కంపోజ్ మెసేజెస్ ఇన్ దిస్ ఫార్మాట్' అని ఉన్న చోట హెచ్‌టీఎంఎల్ పెట్టమనండి. అదే పేజీలో కిందికి వెళ్తే రిచ్ టెక్స్ట్ మెయిల్ బయటివాళ్ళకి వెళ్ళేటప్పుడు ఏం చెయ్యాలని అడిగే చోటు ఇంకోటి ఉంటుంది, అక్కడ కూడా హెచ్‌టీఎంఎల్‌గా మార్చు అన్నదే ఎంచుకోవాలి. ఆ తర్వాత అదే మెయిల్ మళ్ళీ పంపితే మామూలు వర్డ్ ఫైలుగా మీకు చేరుతుంది.

ఒకవేళ ఆయన సెలవులో ఉండో, ఆఫీసువాళ్ళు సెట్టింగులు మార్చనివ్వకో కుదరకపోతే, ఆ విన్‌మెయిల్ ఫైలును మీ కంప్యూటర్‌లో సేవ్ చేసి బెంగళూరు తమ్ముడికి పంపండి. ఉబుంటులో 'టీనెఫ్' అనే చిన్న ఉచిత ప్రోగ్రాము ఉంది, ఇలాంటి మూటలు విప్పడానికే రాశారు, ఇన్‌స్టాల్ చేసుకోవడానికి ఆ అబ్బాయికి ఒక్క నిమిషం చాలు. అంతేగానీ ఏదో వెబ్‌సైట్‌లో ఫైలు పడేస్తే విప్పి ఇస్తుందని చూసి అక్కడ అప్‌లోడ్ చేయకండి. అత్తయ్యగారు ఇంటివాళ్ళ కోసం చెప్పుకున్న మాటలవి, ముక్కూ మొహం తెలియని సర్వర్‌లోకి ఎందుకు వెళ్ళాలి?

ఇక అసలు విషయం. మీ ఉత్తరం చదివితే మెయిల్ దారిలో ఫైళ్ళు పాడవుతున్నాయని మీరనుకుంటున్నట్టు అనిపించింది. నూటికి తొంభై తొమ్మిది సార్లు దారిలో ఏమీ కాదు. మీరు పంపిన ఫైలు ఒక్క బైటు కూడా తేడా లేకుండా అవతలికి చేరుతుంది. తేడా వచ్చేదల్లా కట్టిన తీరులోనూ, అవతల విప్పేవాళ్ళ దగ్గర ఏ ప్రోగ్రాము, ఏ ఫాంటు ఉందన్న దానిలోనూ.

అటాచ్‌మెంట్ ఎలా వెళ్తుందో కొంచెం చెప్తాను, ఇది తెలిస్తే మిగతా గొడవల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి. ఈమెయిల్ పుట్టినప్పుడు అది ఇంగ్లీషు అక్షరాల కోసమే పుట్టింది. మొత్తం 128 గుర్తులు, అంతే. తెలుగుకీ అందులో చోటు లేదు, ఫోటోకీ లేదు. 1990ల మొదట్లో నెథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు దీనికి 'మైమ్' అనే పద్ధతి రాశారు. 1992 మార్చి 11న బోరెన్‌స్టీన్ తన పాటల బృందం ఫోటో, వాళ్ళ పాట మెయిల్‌కి జతచేసి పంపాడు, ఇప్పటి అటాచ్‌మెంట్లకి అదే మొదలు. వాళ్ళు చేసిన ఏర్పాటు చాలా తెలివైనది. ఏ ఫైలైనా సరే, దాన్ని మూడేసి బైట్ల చొప్పున తీసుకుని ఒక్కో మూడింటినీ నాలుగు మామూలు గుర్తులుగా రాస్తారు, అంటే ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, అంకెలు, ఇంకో రెండు గుర్తులు కలిపి 64. దీన్నే బేస్ 64 అంటారు. మీ తాతయ్యగారి ఫోటో కూడా దారి పొడవునా అలా ఇంగ్లీషు అక్షరాల వరసగానే వెళ్ళి, అవతల మళ్ళీ ఫోటో అవుతుంది. విండోస్, మ్యాక్, ఉబుంటు మూడింటికీ ఈ లెక్క ఒకటే. కాబట్టి దారి గురించి మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

మూడు నాలుగవుతుంది కాబట్టి ఫైలు దారిలో మూడో వంతు బరువెక్కుతుంది. 20 ఎంబీ ఫైలు దాదాపు 27 ఎంబీ అయిపోతుంది, అవతలి సర్వర్ 25 కంటే పుచ్చుకోనంటే వెనక్కి తిరిగొస్తుంది. "నా ఫైలు 20 ఎంబీయే కదా, ఎందుకు తిరిగొచ్చింది?" అని చాలామంది అడుగుతారు, కారణం ఇదే. సంచిక మొత్తం ఒకేసారి పంపాలంటే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపండి. జీమెయిల్ అయితే 25 ఎంబీ దాటగానే తనంతట తానే డ్రైవ్ లింకుగా మారుస్తుంది. మీ తమ్ముడు మ్యాక్ మెయిల్ నుంచి పెద్ద ఫైలు పంపితే ఆపిల్ వాళ్ళ 'మెయిల్ డ్రాప్' ద్వారా లింకు వస్తుంది, 5 జీబీ దాకా వెళ్తుంది గానీ ఆ లింకు 30 రోజులే పనిచేస్తుంది. వచ్చిన రోజే దించుకుని పెట్టుకోండి, సంక్రాంతి దగ్గర పడ్డాక వెతుక్కుంటే దొరకదు.

ఇప్పుడు మీ పేజీలు తమ్ముడికి చెత్తలా ఎందుకు కనిపిస్తున్నాయన్నది. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నారు కాబట్టి ఇది మీకు లోలోపల తెలిసే ఉంటుంది. అను ఫాంట్లలో టైపు చేసినప్పుడు ఫైలులో తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల నంబర్లే ఉంటాయి. ఆ నంబర్ల దగ్గర మన తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంటు మీ మిషన్‌లో ఉంది కనుక మీకు 'తాతయ్య' అని కనిపిస్తుంది, ఆ ఫాంటు లేని మ్యాక్ ఆ నంబర్లకి తనకి తెలిసిన ఇంగ్లీషు బొమ్మలు చూపిస్తుంది. మ్యాక్ తప్పేమీ లేదు. మీ పక్క షాపులో ఫాంటు లేని విండోస్‌లో తెరిచినా ఇదే చెత్త కనిపిస్తుంది. అను స్క్రిప్ట్ మేనేజర్‌లో మన డీటీపీ వాళ్ళు చాలామంది 'ఆపిల్ కీబోర్డు' లేఅవుట్‌లో టైపు చేస్తారు, ఆ పేరు చూసి మ్యాక్‌లో తెరుచుకుంటుందేమో అనుకునేవాళ్ళు నాకు తెలుసు. అది వేళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పే లెక్క మాత్రమే, తయారైన ఫైలుకీ దానికీ సంబంధం లేదు.

ఇందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది, అను ఫాంట్లలోనే ఒక వెర్షన్‌కీ ఇంకో వెర్షన్‌కీ బొమ్మల చోట్లు మారతాయి. ఒకసారి మా ఊరి గుడి ఉత్సవాల ఆహ్వాన పత్రిక నేను ఇలాగే పేజ్‌మేకర్ ఫైలుగా మెయిల్లో ఒక ప్రెస్సుకి పంపాను. వాళ్ళ దగ్గర ఫాంటు ఉంది, కానీ వెర్షన్ వేరు. చాలా అక్షరాలు సరిగ్గానే వచ్చాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, 'శ్రీ' ఉన్న చోటల్లా ఇంకేదో గుర్తు పడింది, 500 కాపీలు అచ్చయి కట్టలు కట్టాక పూజారిగారు చూసి చెప్పారు. ఆ రోజు ఆయన మొహం నాకిప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి పీడీఎఫ్ జతచేయకుండా తెలుగు ఫైలు ఎవరికీ పంపలేదు.

కాబట్టి మీ ఇంట్లో నలుగురూ ఒక మాట అనుకోవాలి. చదివి చూడ్డానికి పంపే ఫైలు వేరు, దిద్దడానికి పంపే ఫైలు వేరు. ఈ రెంటినీ ఒకటిగా కలిపేయడం వల్లే మీకు ఇన్ని ఇబ్బందులు వచ్చాయి.

పేజీ ఎలా వచ్చిందో చూసి చెప్పమని పంపేటప్పుడు పీడీఎఫ్ తప్ప ఇంకోటి వద్దు. కానీ ఫాంట్లు లోపల పొదిగిన పీడీఎఫ్ కావాలి. పేజ్‌మేకర్ నుంచి చేసేటప్పుడు ఫాంట్లు ఎంబెడ్ చేయి అన్న ఆప్షన్‌కి టిక్ పెట్టండి. వర్డ్ నుంచి అయితే సేవ్ యాజ్ పీడీఎఫ్ దగ్గర ఆప్షన్స్‌లోకి వెళ్తే పీడీఎఫ్/ఎ అనే రకం ఉంటుంది, ఏళ్ళ తరబడి దాచుకునే కాగితాల కోసం పెట్టిన ప్రమాణం అది, ఫాంట్లన్నీ లోపలే ఉండాలన్నది దానిలో నియమం. తయారైన పీడీఎఫ్‌ను అడోబీ రీడర్‌లో తెరిచి కంట్రోల్ డి నొక్కండి, ఫాంట్స్ అని ఒక ట్యాబ్ ఉంటుంది. అక్కడ ప్రతి ఫాంటు పేరు పక్కనా 'ఎంబెడెడ్' అనో 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అనో ఉంటే ఆ పీడీఎఫ్ డల్లాస్‌లోనైనా బెంగళూరులోనైనా మీకు కనిపించినట్టే కనిపిస్తుంది. ఏ ఒక్కదాని పక్కన ఆ మాట లేకపోయినా పంపకండి. పంపే ముందు ఈ అర నిమిషం పని అలవాటు చేసుకోండి.

తప్పులు దొరికితే వాళ్ళు పీడీఎఫ్ మీదే పసుపు గుర్తు పెట్టి పక్కన రాయొచ్చు, మ్యాక్‌లో ప్రివ్యూలో కుదురుతుంది, ఉబుంటులో ఓక్యులర్‌లో కుదురుతుంది. అంతకంటే తేలికగా, "12వ పేజీ, పై నుంచి 4వ లైను, ఫలానా మాట" అని మెయిల్లో రాసి పంపమనండి. పెద్దవాళ్ళకి ఈ పద్ధతే సుఖం. పీడీఎఫ్‌లోంచి మాటలు కాపీ చేసి పంపొద్దని మాత్రం గట్టిగా చెప్పండి, అను ఫాంట్ల పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే మళ్ళీ ఆ చెత్తే వస్తుంది.

వ్యాసాలు రాసి పంపుకోవడానికీ, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దడానికీ యూనికోడ్ తెలుగే వాడండి. యూనికోడ్ అంటే ప్రపంచ భాషల అక్షరాలకి ఒక్కోదానికి ఒక్కో నంబరు ఖాయం చేసిన ఉమ్మడి పద్ధతి. ఇందులో తెలుగుకి సొంతంగా 128 గదులున్నాయి, 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ నుంచీ ఉన్నాయి. 'త' అంటే ప్రపంచంలో ఏ మిషన్‌లోనైనా అదే నంబరు. విండోస్‌లో గౌతమి, నిర్మలా లాంటివీ, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, ఉబుంటులో నోటో లేదా లోహిత్, ఏదో ఒక ఫాంటు ఎలాగూ ఉంటుంది కాబట్టి కనీసం చదవడానికి అడ్డు ఉండదు. పేజీలు మాత్రం అటూ ఇటూ జరుగుతాయి, ఎందుకంటే ఒక్కో ఫాంటు వెడల్పు ఒక్కో రకం. మీ దగ్గర 10 పేజీలున్నది తమ్ముడి దగ్గర 11 అవుతుంది. అది కూడా వద్దనుకుంటే మండలి, రామభద్ర, సురన్న లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, వాటిలో ఒకటి నలుగురూ దించి పెట్టుకోండి.

పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలుగు చేతకాదన్నది మీకు నేను చెప్పక్కర్లేదు. చేతికి అలవాటైన పనిని ఈ ఒక్క సంచిక కోసం వదులుకోమని నేననను, పైగా గడువు దగ్గర్లో ఉంది. వచ్చిన యూనికోడ్ వ్యాసాలను కన్వర్టర్‌తో అనులోకి మార్చుకుని మీ పద్ధతిలోనే పేజీలు పెట్టండి. కన్వర్టర్ నుంచి వచ్చిన ప్రతి వ్యాసాన్నీ ప్రూఫు చూడండి, వత్తుల దగ్గర, వట్రసుడి దగ్గర, 'క్ష' దగ్గర ముఖ్యంగా. అసలు యూనికోడ్ ఫైళ్ళను మాత్రం పారేయకండి. పదేళ్ళ తర్వాత మీ పిల్లలు ఆ వ్యాసం వెతుక్కుంటే, ఫోన్‌లో పెట్టి చదువుకుంటే, పనికొచ్చేది అదే.

మీ తమ్ముడి వ్యాసం తెరుచుకోకపోవడానికి కారణం బహుశా అతను ఆపిల్ వాళ్ళ 'పేజెస్'లో రాసి అలాగే పంపడం. ఆ రకం ఫైలును విండోస్‌లో తెరిచే ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. అతన్ని పేజెస్‌లో ఫైల్ మెనూలో 'ఎక్స్‌పోర్ట్ టు' నొక్కి వర్డ్ ఎంచుకుని, ఆ ఫైలు పంపమనండి. అంతే, ఇందులో ఇంకేమీ లేదు.

ఫోటోల విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి, ఎందుకంటే అచ్చులో రేపు అందరూ ముందు చూసేది అవే. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఐఫోన్లు ఫోటోలను 'హెచ్‌ఈఐసీ' అనే రకంలో దాస్తున్నాయి, చోటు తక్కువ పడుతుందని. చాలా విండోస్ మిషన్లలో అదనంగా ఒక ముక్క ఇన్‌స్టాల్ చేస్తే గానీ అవి కనిపించవు, పేజ్‌మేకర్ అయితే వాటిని అసలు తీసుకోదు. తమ్ముణ్ణి ఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్ దగ్గర 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకోమనండి, ఇక తీసేవన్నీ జేపెగ్‌లో వస్తాయి. పాతవాటిని మ్యాక్‌లో ప్రివ్యూలో తెరిచి జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు. మెయిల్లో పెట్టేటప్పుడు ఇమేజ్ సైజ్ అని అడిగితే 'యాక్చువల్ సైజ్' అనే చెప్పాలి. చిన్న సైజు ఎంచుకుంటే స్క్రీన్ మీద బాగానే కనిపించి అచ్చులో మసకబారుతుంది. నాలుగంగుళాలు, ఆరంగుళాల ఫోటో అచ్చులో స్పష్టంగా రావాలంటే 1200, 1800 పిక్సెళ్ళు ఉండాలి, అంటే అంగుళానికి 300. ఆ లెక్క మీకు తెలిసిందే, మీ తమ్ముడికి తెలియకపోవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపిస్తే అది కుదించేస్తుంది, ఒకవేళ అందులోనే పంపాలనుకుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి. తాతయ్యగారి పాత నలుపు తెలుపు ఫోటోలు ఎవరి దగ్గరున్నా ఫోన్‌తో ఫోటో తీసి పంపడం కాకుండా ఒక్కసారి స్కాన్ చేయించండి. ఆ కాగితం ఇంకెన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పలేరు.

'మైలవరం ఇల్లు' సంగతికొద్దాం. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ముక్క ఇది, ఎందుకంటే ఇది అచ్చంగా మన తెలుగు సమస్య. యూనికోడ్‌లో మన ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా ఒక పద్ధతి, ఎత్వం పెట్టి దాని కింద ఐత్వపు తోకను విడిగా తగిలించడం ఇంకో పద్ధతి. కంటికి రెండూ ఒకటే 'మై'. మన గుణింతం గుర్తుల్లో ఇలా రెండు ముక్కలుగా విడిపోయేది ఈ ఒక్క ఐత్వమే. 2017లో ఆపిల్ కొత్త ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్ళు దాచే పద్ధతి) తెచ్చేదాకా మ్యాక్‌లు ఫైలు పేర్లను ఈ రెండో పద్ధతిలో, ముక్కలుగా విడగొట్టి దాచేవి, అలా దాచిన పాత పేర్లు ఇప్పటికీ అలాగే తిరుగుతున్నాయి. విండోస్‌లో మీరు టైపు చేస్తే మొదటి పద్ధతిలో వెళ్తుంది. ఉబుంటు పేరులోని బైట్లను మాత్రమే పోల్చి చూస్తుంది, బైట్లు వేరు కాబట్టి దాని లెక్కలో అవి రెండు వేర్వేరు పేర్లు, రెండింటినీ పక్కపక్కనే ఉంచింది. అంటే ఒకటి మీరు పంపింది, రెండోది డల్లాస్ నుంచి వచ్చింది. రెండూ ఒకటే ఫోటో అనుకుని ఒకదాన్ని తీసేయమని చెప్పకండి, ముందు రెండూ తెరిచి చూడమనండి. ఎవరి దగ్గర స్కాన్ బాగుందో అది ఉంచుకుని పేరు మార్చుకుంటే సరిపోతుంది. రేపు 'హైదరాబాద్', 'వైశాఖం', 'పైడితల్లి' అన్న పేర్లతోనూ ఇదే జరుగుతుంది, వెతికితే దొరకని ఫైలు కూడా ఒక్కోసారి ఇందుకే దొరకదు.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టొద్దని చెప్పడానికి నాకు మనసొప్పదు. మీ మిషన్‌లో, మీ ఫోల్డర్లలో హాయిగా తెలుగులోనే పెట్టుకోండి. మెయిల్లో ప్రయాణం చేసే ఫైలుకి మాత్రం ఈ సంచిక పూర్తయ్యేదాకా ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి పేరు పెట్టండి, మధ్యలో ఖాళీ బదులు చిన్న గీత. కొన్ని పాత మెయిల్ ప్రోగ్రాములు తెలుగు పేరును విప్పలేక గుర్తుల దండలా చూపిస్తాయి, ఆ గొడవలో పేరు చివర చుక్క తర్వాత ఉండే ఎక్స్‌టెన్షన్ పోతే విండోస్‌కి అది ఏ రకం ఫైలో తెలియక "దేనితో తెరవమంటావు?" అని అడుగుతుంది. తేదీని పేరులో రాసేటప్పుడు స్లాష్ పెట్టకూడదు. మ్యాక్ ఒప్పుకుంటుంది గానీ విండోస్ ఒప్పుకోదు, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు కూడా అంతే, కోలన్ కూడా పెట్టకూడదు. ఉబుంటుకి ఇంగ్లీషు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు, అందుకని అన్నీ చిన్న అక్షరాల్లోనే రాసుకుంటే మంచిది.

ఎక్స్‌టెన్షన్ అన్నాను కాబట్టి ఇంకో పని. విండోస్ దాన్ని మామూలుగా దాచేస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' అన్నదానికి టిక్ పెట్టి అది కనిపించేలా చేసుకోండి, ఇవాళే. 2000 మేలో ప్రపంచమంతా పాకిన 'ఐ లవ్ యూ' వైరస్ ఈ దాపరికం మీద ఆధారపడే బతికింది. వచ్చిన ఫైలు మామూలు ఉత్తరంలా కనిపించేది, చివర దాగి ఉన్న ముక్క మాత్రం ప్రోగ్రాముది. ఇప్పుడు మీ ఇంటి మెయిళ్ళలో అటాచ్‌మెంట్లు రోజూ తిరుగుతున్నాయి కాబట్టి, "తాతయ్య ఫోటోలు" అని ఎవరి పేరుతో వచ్చినా చివర ఈఎక్స్‌ఈ అని ఉంటే తెరవకండి, ఒక్క ఫోన్ చేసి అడగండి.

తమ్ముడు జిప్ పంపితే లోపల ఫోటోలతో పాటు 'మ్యాక్ఓఎస్ఎక్స్' అనే ఫోల్డరు, చుక్కతో మొదలయ్యే చిన్న చిన్న ఫైళ్ళు కనిపిస్తాయి. అవి మ్యాక్ తన గుర్తు కోసం పెట్టుకునే కాగితాలు, మీకు అక్కర్లేదు, తీసేయొచ్చు. వాటి పేరు కూడా ఫోటో పేరులాగే ఉంటుంది, ఆ చిన్నదాన్ని తెరవబోయి "ఫోటో పాడైంది" అనుకోకండి, అసలు ఫోటో పక్క ఫోల్డర్‌లో ఉంటుంది.

ఒక్కోసారి తప్పు నిజంగానే అవతలి మిషన్‌ది అవుతుంది, అదీ ఒప్పుకోవాలి. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూసుకుపోయేవి, ఆపిల్ వాళ్ళు ఐఓఎస్ 11.2.6లో దాన్ని సరిచేశారు. అందుకని తమ్ముడి మ్యాక్, ఫోను అప్‌డేట్ చేసి ఉన్నాయో లేదో కూడా ఒకసారి అడగండి.

ఇవాళే ఒక్క పేజీ తయారుచేయండి. అందులో 'జ్ఞాపకం', 'క్షేత్రం', 'మైలవరం', 'శ్రీ', 'కృష్ణ', 'స్వాతంత్ర్యం' అన్న మాటలూ, తాతయ్యగారి ఒక ఫోటో ఉండాలి. అదే పేజీని ఒక పీడీఎఫ్‌గా, ఒక యూనికోడ్ వర్డ్ ఫైలుగా ముగ్గురికీ పంపి, తమ స్క్రీన్ ఎలా కనిపిస్తోందో ఫోన్‌తో ఫోటో తీసి పంపమనండి, మాటల్లో వర్ణించమని అడగొద్దు. ముగ్గురి ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి దగ్గర ఏది తేడాగా ఉందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది, ప్రెస్సుకి కూడా ఆ పేజీనే ముందు పంపండి. ఇక బావగారికి ఇప్పుడే ఫోన్ చేయండి, ఔట్‌లుక్ సెట్టింగు మార్చి అత్తయ్యగారి వ్యాసం మళ్ళీ పంపమని.